పొద్దు పొడిపించిన గైరమ్మ

కొండలకి ఇంకా పేర్లు పెట్టని కాలం. నడివేసవిలో కూడా గెడ్డ దాటితే కాలు తడిసే కాలం. మా అవ్వకి వాళ్లవ్వ చెప్పింది, మా అవ్వ నాకు చెప్పింది, ఇప్పుడు నేను మీకు చెబుతున్నాను. ఊఁ కొట్టేవాళ్లు ముందుకి జరిగి కూర్చోండి.

మొగలివలస అని ఒక ఊరుండేది. వెనక కొండ, ముందు గెడ్డ, మధ్యలో నలభై గడపలు. గెడ్డ అంటే కొండ మీంచి దిగే చిన్న వాగు. ఆ వాగు ఒడ్డున, ఊరికి ఆఖరున, ఒక తాటాకు పాక. ఆ పాకలో ఒక మనిషి. పేరు గైరమ్మ. కానీ ఊళ్లో పెద్దా చిన్నా అందరూ గైరీ అనే పిలిచేవారు.

గైరమ్మ ఊరి బట్టలు ఉతికేది. మొగుడు పోయాడు. పిల్లలు పుట్టలేదు. ఆమెకి ఉన్నవి మూడే మూడు. బట్టలు ఉడకబెట్టే బాన ఒకటి, బట్టలు బాదే బండ ఒకటి, ముక్కు ఒకటి.

ముక్కా అని నవ్వకండి. అది అలాంటి ఇలాంటి ముక్కు కాదు. మూట విప్పకుండానే ఇది ఎవరింటి మూటో చెప్పేసేది. పసుపు వాసనేస్తే బాలింత ఉన్న ఇల్లు. నువ్వులచెక్క వాసనేస్తే గానుగవాళ్ల ఇల్లు. జీడిపళ్ల వాసనేస్తే తోట కాపలావాడి పంచె. ఏడ్చిన కళ్లు తుడుచుకున్న కొంగుకి కూడా ఒక వాసన ఉంటుందట. అలాంటి చీర చేతికొస్తే బండకేసి గట్టిగా కొట్టేది కాదు, నీళ్లలో మెల్లగా పిసికి తీసేది.

ఆ ముక్కు వల్లే ఆమెకి మొక్కల పిచ్చి పట్టింది. బట్టలు ఆఖరుసారి జాడించిన నీళ్లు ఒక్క చుక్క పారబోసేది కాదు. ఆ నీళ్లతో పాక ముందు మల్లెపొద పెంచింది. పాక పక్కన మరువం మడి కట్టింది. గెడ్డ ఒడ్డున వట్టివేరు దుబ్బులు నాటింది. ఎండాకాలం వచ్చిందంటే చూడాలి ఆ పాక దగ్గర! కొండ మీంచి వేపపూత వాసన దిగేది. తోటల్లోంచి పనసపండు వాసన వచ్చేది. వాటి మధ్యలో గైరమ్మ మల్లె విచ్చుకునేది. దారిన పోయేవాళ్లు నెత్తి మీద మోపుతో సహా ఒక్క క్షణం ఆగి, ఎందుకు ఆగారో తెలియకుండానే మళ్లీ నడిచేవారు.

ఉతికిన బట్టలు మడతపెట్టేటప్పుడు గైరమ్మ ఒక పని చేసేది. పసిపిల్లల గుడ్డల్లో మరువం రెమ్మ పెట్టేది. ముసలివాళ్ల దుప్పట్లో వట్టివేరు ముక్క పెట్టేది. కొత్త కోడళ్ల చీరల్లో రెండు మల్లెమొగ్గలు పెట్టేది.

ఎవరూ అడగలేదు. ఎవరూ మెచ్చుకోలేదు. గైరమ్మ మానలేదు.

అలా ఉండగా ఒక ఏడాది వానలు ముఖం చాటేశాయి. ఆ మరుసటేడు వచ్చిన ఎండాకాలం ఎండాకాలంలా లేదు. గెడ్డ ఎండి ఇసుక తేలింది. కాకులు నోళ్లు తెరుచుకుని చూరుల కింద కూర్చున్నాయి. ఆ ఎండల్లో మొగలివలసకి అమ్మవారు వచ్చింది.

అమ్మవారంటే తెలుసా? ఒళ్లంతా పొక్కులు లేచే జబ్బు. కళ్ల రెప్పల మీద కూడా లేచి కళ్లు మూసుకుపోయేవి. ఆ రోజుల్లో దానికి మందు లేదు. దండం పెట్టేవారు, వేపాకు పరిచి రోగిని పడుకోబెట్టేవారు, గది తలుపు వేసేవారు. ఎవరింటికి ఎవరూ వెళ్లేవారు కాదు. ఎవరి గిన్నె ఎవరూ ముట్టేవారు కాదు.

మరి రోగి కింద పరిచిన గుడ్డలు? రోజూ మార్చాలి, ఉతకాలి. అవి ఎవరు ముడతారు?

గైరమ్మ ముట్టింది. ఆమె ముఖం నిండా మచ్చలే. ఆరేళ్లప్పుడు ఆమెకి అమ్మవారు వచ్చి వెళ్లింది, ఒకసారి వస్తే మళ్లీ రాదని అందరికీ తెలుసు. కాబట్టి ఊరు ఊరంతా ఆమె వైపే చూసింది. ఆమె బాన పొయ్యి మీద పెట్టింది.

మొదట అమ్మవారు వచ్చింది ఊరి పెద్ద సన్నాసినాయుడి ఇంటికే. నాయుడికి ఒక్కతే మనవరాలు, అసిరమ్మ. తల్లీ తండ్రీ లేని పిల్ల, తొమ్మిదేళ్లది. ఆ పిల్లని వెనక గదిలో పడుకోబెట్టారు. కళ్లు రెండూ మూసుకుపోయాయి. నాయుడి తల్లి సూరమ్మ, నిలువెల్లా ఆచారం ఉన్న ముసలమ్మ, గడప బయట కూర్చుని కాపలా కాసేది. ఆవిడ మాట ఆ ఇంట్లోనే కాదు, ఊళ్లోనే ఎవరూ కాదనేవారు కాదు.

ఒక పొద్దున్న గైరమ్మ ఉతికిన గుడ్డలు తెచ్చి గదిలో మారుస్తోంది. పిల్ల సన్నగా ఏడుస్తోంది.

"ఏటమ్మీ, మంటగా ఉందా?"

"మంట కాదు. సీకటి. ఎప్పుడు సూసినా సీకటే. ఇది ఎప్పటికీ తెల్లారదా?"

ఆ మాటకి గైరమ్మ చేతులు ఆగిపోయాయి. ఆరేళ్లప్పుడు తను పడుకున్న మూల గుర్తొచ్చింది. ఒళ్లు మండటం ఆమెకి ఇప్పుడు గుర్తు లేదు. పగలో రాత్రో తెలియకపోవడం మాత్రం గుర్తుంది. తను అక్కడ పడుకుని ఒక్క రోజయిందో వంద రోజులయిందో తెలియక, ఇంక ఎవరూ రారనుకుని గోడని గోళ్లతో గీకడం గుర్తుంది. అలా ఉండగా ఎవరింటి దొడ్లోంచో మల్లెల వాసన గోడ దాటి వచ్చింది. ఓహో, సందేళయింది, అమ్మ పొలం నుంచి వచ్చే వేళయింది అనుకుంది. ఆ వాసన పట్టుకునే ఆమె బతికింది.

గైరమ్మ బయటికి వెళ్లి, మూట ముడిలో ఉన్న మరువం రెమ్మ తెచ్చి పిల్ల ముక్కు దగ్గర పెట్టింది.

"పీల్చమ్మీ. ఇదేటి?"

"మరువం."

"మరువం వత్తే పొద్దు పొడిసినట్టు. మజ్జాన్నం నాను తడిపిన వట్టివేరు తెస్తాను. అది వత్తే పొద్దు నడినెత్తికి వచ్చినట్టు. సందేళ మల్లెపువ్వు తెస్తాను. అది వత్తే ఒక రోజు అయిపోయినట్టు. ఒక్కో రోజూ అవుతుంటే అమ్మోరు ఒక్కో మెట్టూ దిగి ఎల్లిపోతాది. తెలిసిందా?"

"ఎన్ని మెట్లు?"

"అది నువ్వే లెక్కెట్టాల. ఎన్ని మల్లెలొత్తే అన్ని."

ఆ మధ్యాహ్నం వట్టివేరు వచ్చింది. ఆ సందేళ మల్లె వచ్చింది. "ఒకటి" అంది పిల్ల, గంజి తాగింది. మర్నాడు మళ్లీ మూడూ వచ్చాయి. "రెండు" అంది పిల్ల, గంజి తాగింది.

మూడో రోజు సూరమ్మ కనిపెట్టింది. గది గుమ్మంలోకి వచ్చి ముక్కు ఎగబీల్చి, తలగడ పక్కన ఉన్న పువ్వు చూసి కర్రతో నేలని కొట్టింది.

"ఒలే గైరీ! అమ్మ ఉన్న గదిలో పువ్వులేటే? తాలింపు వాసన తగలకూడదని మేం తాలింపే మానేసినాం. నువ్వు పువ్వులు తెచ్చి పెడతావా? అమ్మకి కోపం రాదేటి?"

"పువ్వంటే కోపం వచ్చే అమ్మ ఉంటాదేటమ్మా?"

"నాకే ఎదురు సెప్తావా!"

నాయుడు లోపల్నుంచి వచ్చాడు. తల్లి ముఖం చూశాడు, గైరమ్మ ముఖం చూశాడు. "గైరీ, పెద్దదాని మాట ఇను. గుడ్డలు తే. ఆకులూ పువ్వులూ తేకు" అన్నాడు.

గైరమ్మ తల వంచుకుని మూట ఎత్తుకుని వెళ్లిపోయింది. మర్నాడు పొద్దున్న గుడ్డలు తెచ్చి, మార్చి వెళ్లింది. మరువం తేలేదు.

ఆ రోజు పిల్ల గంజి ముట్టలేదు. గోడ వైపు తిరిగి పడుకుంది. నాయుడు గుమ్మంలో నిలబడి బతిమాలాడు.

"కొంచెం తాగమ్మీ. మజ్జిగయినా తాగు. నా తల్లి కదూ!"

"పొద్దు పొడవనేదు కదా తాతా. ఎందుకు తాగాల?"

"పొడిసింది తల్లీ, ఎండ మండిపోతంది."

"అబద్దం. మరువం రానేదు."

మజ్జిగ ముంత అలాగే ఉంది. ఇంకో గంటయింది. పిల్ల పెదాలు ఎండి పగిలాయి, మాట సన్నబడింది. నాయుడు తల్లి వైపు చూశాడు. సూరమ్మ అటు తిరిగి కూర్చుంది. ఇంక నాయుడు ఎవరినీ ఏమీ అడగలేదు. నడినెత్తిన ఎండలో, తలపాగా లేకుండా, చెప్పులు లేకుండా, ఊరి వీధి ఆ చివరి నుంచి ఈ చివరికి పరిగెత్తాడు. ఊరి పెద్ద అలా పరిగెత్తడం కిటికీల్లోంచి అందరూ చూశారు.

గైరమ్మ నీళ్ల కోసం ఇసుకలో చెలమ తవ్వుతోంది. నాయుడు ఆమె ముందు నిలబడి రొప్పాడు. చేతులు జోడించాడు.

"గైరమ్మా, నా మనవరాలికి పొద్దు పొడిపించు."

ఊళ్లో ఒక మనిషి నోట నిండుగా తన పేరు వినడం ఆమెకి అదే మొదటిసారి. మడిలో మరువం తుంచి, కొంగులో వేసుకుని, ఆయన వెనకే పరిగెత్తింది.

పిల్ల మరువం వాసన చూసింది. "ఇయాళ ఆలీసంగా తెల్లారింది" అని గొణిగింది. మజ్జిగ తాగింది.

ఆ కబురు కిటికీ నుంచి కిటికీకి పాకింది. అప్పటికే పాతిక ఇళ్లలో అమ్మవారు ఉంది, పాతిక గదుల్లో కళ్లు మూసుకున్నవాళ్లు ఉన్నారు. "గైరమ్మా, మా ఇంటికీ" అన్నారు. "గైరమ్మా, మా అబ్బికీ" అన్నారు. "గైరమ్మా, మా అత్తకీ" అన్నారు. గైరమ్మ పొద్దున్న మరువంతో తిరిగింది, మధ్యాహ్నం వట్టివేరుతో తిరిగింది, సందేళ మల్లెలతో తిరిగింది. కాలిపోతున్న వీధిలో ఆ మూడు వేళలా ఒక్క మనిషే నడిచేది. గదుల్లో పడుకున్నవాళ్లు ఆమె అడుగులు వినేవారు. వాసన వచ్చేది. "మూడు" అనేవాడు ఒకడు. "తొమ్మిది" అనేది ఒకావిడ. అలా లెక్క పెట్టుకుంటూ గంజి తాగేవారు.

కానీ పువ్వులు నీళ్లు లేకుండా పూస్తాయా? చెలమలో ఊట తగ్గింది. గైరమ్మ కొండ మీద ఉన్న రాతి ఊట దగ్గరికి ఎక్కింది. రోజూ మూడుసార్లు ఎక్కింది, మూడు కుండలు దింపింది. ఒక కుండ గుడ్డలకి. ఒక కుండ మొక్కలకి. మూడో కుండ తను తాగడానికీ వండుకోడానికీ. మల్లెపొద ఆకులు వాడి వేలాడితే, ఆ మూడో కుండలో సగం దానికి పోసింది. తర్వాత ముప్పాతిక పోసింది. తర్వాత అడుగున ఒక్క ముంత ఉంచుకుని మిగతాదంతా పోసింది.

ఎవరూ అడగలేదు. ఎవరూ చూడలేదు. గైరమ్మ మానలేదు.

అలా ఉండగా అమ్మవారు ముసలమ్మ సూరమ్మ మీదికీ వచ్చింది. ఆవిడ కళ్లూ మూసుకున్నాయి. ఇంట్లో ఎవరినీ పువ్వు అడగలేదు. మొదటి రోజు బింకంగా పడుకుంది. రెండో రోజు "పొద్దు ఎంతయిందిరా?" అని కొడుకుని అడిగింది. మూడో రోజుకి ఎవరు చెప్పినా నమ్మడం మానేసింది.

ఆ సందేళ గైరమ్మ గదిలోకి వచ్చి గుడ్డలు మార్చింది.

"ఎవరే?"

"నానే అమ్మా, గైరమ్మని."

ముసలమ్మ ముక్కు ఎగబీల్చింది. "ఈదిలో మల్లెలు పూసినాయేటే? వాసనొత్తంది."

"మల్లెలు కాదమ్మా. ఒక్కటే మల్లె. పొద ఎండిపోతంది. మనిషికొక్కటే తెస్తన్నాను."

ఇంట్లోకి పువ్వు తేవద్దన్నది తనే అని ఆవిడకి గుర్తుంది. గైరమ్మకీ గుర్తుంది. కానీ గైరమ్మ ఆ మాట ఎత్తలేదు.

"కొంచెం దగ్గరగా పెట్టు" అంది సూరమ్మ.

గైరమ్మ పువ్వుని ఆవిడ చెంప పక్కన పెట్టింది.

మీకు అబద్ధం చెప్పను. మొగలివలసలో అందరూ బతకలేదు. పది మంది పోయారు. సూరమ్మ ఆరో మల్లె నాడు పోయింది. ఆ సందేళ పువ్వు దగ్గర పెట్టగానే, "రోజు అయిపోయిందేటే?" అని అడిగింది. "అయిపోయిందమ్మా" అంది గైరమ్మ. "అయితే పడుకుంటాను. నువ్వూ ఇంటికెళ్లి ఇంత తిను. నా సెంపకి తగిలిన నీ సెయ్యి వణుకుతంది" అంది సూరమ్మ. ఊళ్లో గైరమ్మ తిండి సంగతి ఎత్తిన మొదటి మనిషి ఆవిడే.

అసిరమ్మ బతికింది. పందొమ్మిదో మల్లె నాడు ఒక కన్ను తెరిచింది. ఇరవై ఒకటో మల్లె నాడు రెండో కన్ను తెరిచింది. ఇంకో వారానికి ఊళ్లో కొత్తగా ఎవరూ పడుకోలేదు. ఒక్కో ఇంటి తలుపూ తెరుచుకుంది.

అప్పుడు ఒక పొద్దున్న మరువం రాలేదు. ఎవరూ పట్టించుకోలేదు, ఇప్పుడు కళ్లతోనే పొద్దు కనిపిస్తోంది కదా. మధ్యాహ్నం వట్టివేరు రాలేదు. అప్పటికి కొండ మీద మబ్బు నల్లబడింది. సందేళ కాకముందే పెద్ద గాలి వచ్చింది, గాలి వెనకే వాన వచ్చింది. రెండేళ్ల తర్వాత వచ్చిన వాన. జనం వీధిలోకి వచ్చి నోళ్లు తెరిచి నిలబడ్డారు. కాలిన నేల మీద మొదటి చినుకులు పడ్డప్పుడు లేస్తుందే ఆ వాసన, అది ఊరిని కమ్మేసింది.

అందరూ నవ్వుతున్నారు. అసిరమ్మ మాత్రం నవ్వలేదు. "తాతా, మల్లె రాలేదు" అంది.

నాయుడి ముఖం మారిపోయింది. తాతా మనవరాలూ వానలో గెడ్డ దగ్గరికి పరిగెత్తారు. వాళ్లని చూసి ఊరంతా పరిగెత్తింది.

గైరమ్మ మల్లెపొద మొదట్లో పడుకుని ఉంది. పక్కన ఖాళీ కుండ. ఆ రోజు తెల్లారకముందే కొండ దిగి, కుండెడు నీళ్లూ పొదకి పోసి, అక్కడే ఒరిగిపోయింది. ఒంట్లో ఇంక నీరన్నది లేదు. పాకలోకి తీసుకెళ్లారు. తల తుడిచారు, పెదాలు తడిపారు, విసనకర్రతో విసిరారు. నీళ్లు గొంతు దిగలేదు. కళ్లు తెరవలేదు. ఊపిరి మాత్రం ఆడుతోంది.

ఆమెని ఎలా లేపాలో, ఏం ఇవ్వాలో ఎవరికీ తోచలేదు. పువ్వు పెడదామంటే పొద మీద ఒక్క మొగ్గ లేదు, ఉన్నవన్నీ ఆమె పంచేసింది. మరువం మడి మొదళ్ల దాకా తుంచేసి ఉంది. అప్పుడు అసిరమ్మ బయటికి వెళ్లి దోసిలితో తడిసిన మట్టి తెచ్చింది. గైరమ్మ ముక్కు దగ్గర పెట్టింది.

గైరమ్మ ఊపిరి ఆగింది, మళ్లీ లోతుగా లోపలికి వెళ్లింది.

"ఇదేటమ్మీ?"

"వాన గైరమ్మా. వాన పడింది."

గైరమ్మ మచ్చల ముఖం విప్పారింది. "ఎంత బాగుందో సూడు! ఇది మాత్రం నాను తేలేకపోయాను" అంది.

నాయుడు మోకాళ్ల మీద కూర్చున్నాడు. "గైరమ్మా, ఏటి కావాలో సెప్పు. ఈ ఊళ్లో ఏదడిగినా నీదే."

"నాకేటి కావాల బాబూ. ఆరేళ్ల గుంటప్పుడు నన్ను బతికించింది ఎవరింటి మల్లో నాకు ఈనాటికీ తెల్దు. ఆలకి దండం పెట్టుకోడానికి నేకపోయింది. మీరు మల్లెకి నీళ్లు పొయ్యండి. సాలు."

వాన వెలిసేదాకా ఆమె మట్టి వాసన పీలుస్తూనే ఉంది. వాన వెలిసింది, ఆమె వెళ్లిపోయింది.

ఊరంతా వెంట నడిచింది. మొగలివలసలో అంతకు ముందు ఏ పెద్దవాళ్లు పోయినా అంతమంది నడవలేదట. నాయుడు పాడెకి తన భుజం పట్టాడు. ఆమె ఉతికిన చీరల్లో మంచివి తెచ్చి ఆమెకి కప్పాలని ఆడవాళ్లు పోటీలు పడ్డారు. చివరికి మూడు కప్పారు.

వానలు బాగా పడ్డాయి. మల్లెపొద చిగురించింది. అసిరమ్మ దాని కొమ్మలు అంటు కట్టి నలభై గడపలకీ నలభై మొక్కలిచ్చింది. పెద్దదై పెళ్లయి వెళ్లేటప్పుడు అత్తవారి ఊరికీ ఒక మొక్క పట్టుకెళ్లింది. ఆ ఊరి ఆడపిల్లలు ఇంకో ఊరికి పట్టుకెళ్లారు. అలా కొండ కింద ఊళ్లన్నిటికీ ఆ మల్లె వెళ్లింది. అమ్మవారు మళ్లీ ఎప్పుడూ అలా రాలేదు. గైరమ్మ పాక కూలిపోయింది, గెడ్డ దారి మార్చుకుంది, ఆమె బండ ఎక్కడుందో ఎవరికీ తెలియదు.

కానీ ఆ ఊళ్లలో బాలింతరాలు పసివాడి గుడ్డలు మడతపెడుతూ ఇప్పటికీ మరువం రెమ్మ ఒకటి లోపల పెడుతుంది. కొత్త కుండలో నీళ్లు పోసినప్పుడు వట్టివేరు వేసి, మొదటి ముంత ఇంట్లో ముసలివాళ్లకి ఇస్తారు. ఏ ఇంట్లోనైనా పిల్లో పిల్లాడో జ్వరంతో పడుకుంటే, వేసవి సందేళ దొడ్లో మొదట విచ్చుకున్న మల్లెని ఎవరూ జడలో పెట్టుకోరు, దేవుడికీ పెట్టరు. తెచ్చి ఆ తలగడ పక్కన పెడతారు.

పెట్టి, తల్లి ఆ పిల్ల నుదురు మీద చెయ్యి వేసి అంటుంది: "గైరమ్మ వచ్చింది తల్లీ. ఈ రోజు అయిపోయింది. లే, గంజి తాగు."